ద్వీపాంతరంలో ప్రకృతి పాఠం

తెలుగులో 'ద్వీపాంతరం' అనే మాటకు చాలాకాలం ఒకటే అర్థం స్థిరపడి ఉండినది; అది శిక్ష. హిందీలో ఆ భారాన్నే 'కాలాపానీ' అనే మాట మోసినది. 1922–24 నాటి మన్య విప్లవంలో పాల్గొన్న గాం మల్లుదొరకు పడిన మరణశిక్ష ద్వీపాంతరవాసంగా మారినప్పుడు, ఆ వార్త విన్న మన్యంవారికి అండమాన్ ఒక చెరసాల పేరుగా వినబడి ఉంటుందే గాని, తమ కొండలవలెనే అడవి దట్టంగా పెరిగిన నేలగా తోచి ఉండదు. ఆ దీవులను తలచుకొన్నంతనే మన భాషలలో ముందుగా జ్ఞప్తికి వచ్చేవి కూడా ఖైదీల స్మృతులే. ఇందువలన ఒక ప్రశ్న మరుగున పడిపోయినది: ఆ దీవులలో పుట్టి పెరిగే బాలునికి తన చుట్టూ ఉన్న అడవిని గూర్చి, సముద్రాన్ని గూర్చి ఎవరు చెప్పినారు? ఏమి చెప్పినారు? ఏ భాషలో చెప్పినారు? అడవులను, జంతువులను కాపాడవలెనని పిల్లలకు బోధించే ప్రయత్నాలు నేడు దేశమంతటా సాగుతున్నవి. ఈ దీవులలో ఆ బోధకు ఒక ప్రత్యేకమైన చరిత్ర ఉన్నది. అది తెలిస్తే గాని, ఇతర చోట్ల సులభంగా కనబడే ఈ పని అక్కడ ఎందుకు కష్టమైనదో అర్థం కాదు.

బంగాళాఖాతంలో ఉత్తరం నుండి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరచుకొన్న ఈ వరుసలో దీవులు, లంకలు, రాతిగుట్టలు కలిపి 836 అని ప్రభుత్వపు లెక్క. వానిలో మనుషులు నివసించేవి సుమారు 30 మాత్రమే. మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో నూటికి 80 పాళ్లకు మించి అడవియే. ఈ అడవిలో పులి లేదు, సింహం లేదు, ఎలుగుబంటి లేదు. నేలపై తిరిగే పెద్ద జంతువులలో చెప్పుకోదగినది అడవిపంది. నికోబారు దీవులలో పొడవుతోక కోతి కూడా కలదు. ఈ దీవుల ఐశ్వర్యమంతా పక్షులలో, పాములలో, సీతాకోకచిలుకలలో, మడ అడవులలో, పగడపు దిబ్బలలో ఉన్నది. సుమారు ఏడు చదరపు కిలోమీటర్ల నార్కొండం దీవిలో తప్ప లోకంలో మరెక్కడా లేని కొమ్ముముక్కు పక్షి ఒకటి కలదు. ఆకులను, ఇసుకను గుట్టగా పోసి, ఆ గుట్ట వేడితోనే గుడ్లను పొదిగించే మెగాపోడ్ అనే పక్షి నికోబారు తీరాలలో బ్రతుకుతున్నది. సముద్రపు గడ్డిని మేసే డ్యూగాంగ్ ఈ దీవుల అధికార జంతువు. పడౌక్ అధికార వృక్షం. ఇటువంటి చోట సింహం బొమ్మతో మొదలయ్యే పాఠం బాలునికి ఎంతవరకు ఉపకరిస్తుంది?

అయితే ఈ దీవులలో ప్రకృతి విద్య బడితో మొదలైనది కాదు. బడికి వేల యేండ్లకు పూర్వమే అక్కడ గురువులు ఉన్నారు, శిష్యులు ఉన్నారు, పాఠక్రమమూ ఉన్నది. 1906 నుండి 1908 వరకు అండమాన్‌లో పరిశోధన జరిపిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రకటించిన గ్రంథంలో ఆ పాఠక్రమపు ఆనవాళ్లు కనబడుతున్నవి. గ్రేట్ అండమానీయులు ఏడాదిని లెక్కించినది చంద్రుని బట్టి మాత్రమే కాదు. అడవిలో ఒకదాని వెంట ఒకటిగా విచ్చుకొనే పూల వాసనలను బట్టి. ఏ చెట్టు పూచి, తేనెటీగలు ఆ పూల తేనెను పట్టుకు చేరుస్తున్నవో, ఆ పూవు పేరే ఆ కాలానికి పేరు. బాలునికి కాలగణనమూ వృక్షశాస్త్రమూ వేరువేరు విషయాలు కావు. గాలి పీల్చితే రెండూ ఒక్కసారే తెలిసేవి. తుపానులను పంపే దైవశక్తికి ఉత్తరపు తెగలలో బిలికు అని పేరు, దక్షిణపు తెగలలో పులుగ అని పేరు. తేనెమైనం కరగించినా, ఉదయ సాయంకాలాలలో ఇలకోడి కూసే వేళ అల్లరి చేసినా, తగని ఋతువులో దుంపలు త్రవ్వినా ఆ శక్తికి ఆగ్రహం వస్తుందని పెద్దలు పిల్లలకు చెప్పేవారు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ నమ్మకాలకు సమాజశాస్త్రరీత్యా భాష్యం చెప్పినాడు. ఆ భాష్యం ఎట్లున్నా, దుంప ఊరే కాలంలో దానిని ముట్టరాదని ఒక పిల్లవానికి తెలిసినదా లేదా అన్నదే అడవికి సంబంధించిన విషయం. అది వానికి తెలిసినది.

ఈ శిష్యులనే మొట్టమొదట బడిలో కూర్చోబెట్టినారు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించినది; ఆ పట్టణానికే 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చినారు. 1863లో, దానికి ఎదురుగా ఉన్న రాస్ దీవిలో హెన్రీ కార్బిన్ అనే మతాచార్యుని పర్యవేక్షణలో 'అండమాన్ హోమ్' వెలసినది. అడవి నుండి తెచ్చిన గ్రేట్ అండమానీయులకు అక్కడ బట్టలు తొడిగి, ఇంగ్లీషు మాటలు నేర్పి, పనిపాటలు అలవాటు చేయుటకు ప్రయత్నించినారు. పూల వాసనతో నెలను చెప్పగలిగినవారు ఆ కట్టడంలో ఏమీ తెలియనివారుగా లెక్కకు వచ్చినారు. తరువాత సంభవించినది విద్యావిషయం కాదు, విషాదం. కొత్తవారి సంపర్కంతో వచ్చిన వ్యాధులు, 1877లో వ్యాపించిన తట్టు, తెగలకు తెగలను తుడిచిపెట్టినవి. వేలలో ఉండిన గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కలలో 625 మంది. 1961 నాటికి 19 మంది. ఒక జాతి తరిగిపోయినప్పుడు మనుషులు మాత్రమే పోలేదు. వారితోపాటు ఆ అడవిని చదివే ఒక వాచకం కూడా పోయినది.

ఆ ఖాళీలోనికి వచ్చినవారు ఎన్నో తీరాలవారు. 1883లో అటవీశాఖ ఏర్పడినది. అదే ఏట చాతమ్ దీవిలో రంపపు మిల్లు పని మొదలిడినది. అడవి అంటే కలప అని దీవుల పరిపాలన స్థిరపరచినది. అడవిపనికి ఛోటానాగపూర్ నుండి ఆదివాసులను తెచ్చినారు. వారిని అక్కడ నేటికీ రాంచీవారంటారు. 1925లో బర్మా నుండి కరెన్ కుటుంబాలు వచ్చి మధ్య అండమాన్‌లో ఊళ్లు కట్టుకొన్నవి. 1949 నుండి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చి, తమకిచ్చిన అడవిని నరికి వరిచేలు చేసినారు. తమిళులు, మలయాళీలు వచ్చినారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుండి తెలుగు మత్స్యకారులు వలలతో సహా వచ్చి స్థిరపడినారు. 2011 లెక్కలలో దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు నూటికి 13 మంది వరకు ఉన్నారు. ఇందరినీ కలిపే బజారుభాష హిందీ. అది ఖైదీల నాటి నుండి అక్కడ మెల్లగా మలచబడిన హిందీ. బడులలో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళం, తెలుగు అనే అయిదు భాషలలో బోధన సాగినది.

వలస వచ్చినవాడు తన దేవుని తెచ్చుకొంటాడు, తన విత్తనాలు తెచ్చుకొంటాడు, తన పేర్లు కూడా తెచ్చుకొంటాడు. వంజరం, చందువ, పండుగప్ప అనే పేర్లు తెలుగు జాలరి వెంట సముద్రం దాటినవి. ఆ తీరంలో లేని చేపకు, ఆ అడవిలో లేని పిట్టకు పేరు మాత్రం అతని మూటలో లేదు. తండ్రికి లేని పేరును బిడ్డకు బడి ఇవ్వవలసి ఉండెను. బడికి అందినవో, ప్రధాన భూభాగంలో అచ్చయిన వాచకాలు. వానిలో గంగ ఉన్నది, హిమాలయం ఉన్నది, గిర్ అడవి సింహం ఉన్నది. వాకిట వినబడే అలలు లేవు. పేరు తెలియనిదానిపై పిల్లవానికి మమత కలుగదు. మమత లేనిచోట కాపాడుమని చెప్పిన మాట ఆజ్ఞగానే మిగిలిపోతుంది.

ఇతర చోట్ల వ్రాసిన పాఠాన్ని దీవులకు ఉన్నదున్నట్లు ఎత్తుకుపోవడంలో మరొక చిక్కు కలదు. జింకను చంపరాదని దేశమంతటా పిల్లలకు నేర్పుతారు; అది సరియైన పాఠమే. అండమాన్‌కు మాత్రం చుక్కల జింక స్వదేశపు జంతువు కాదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్‌వారు వేట కొరకు తెచ్చి వదలినది. దానిని తినే మృగం అక్కడ లేనందున అది దీవి తరువాత దీవిని ఈదుకుంటూ ఆక్రమించినది. మొలకెత్తిన చెట్టునల్లా కొరికి, అడవి తిరిగి పెరుగకుండా చేస్తున్నది. కలప వ్యాపారం చేసిన ఒక సంస్థ 1962 ప్రాంతంలో మూతపడి ఇంటర్‌వ్యూ దీవిలో విడిచిపెట్టిన సుమారు 40 ఏనుగులు కూడా అడవిపాలై అటువంటి హానినే చేసినవి. పర్యావరణ శాస్త్రవేత్త రవూఫ్ అలీ ఈ రెండు జంతువుల వలన దీవుల వృక్షసంపదకు కలిగిన నష్టాన్ని యేండ్ల తరబడి పరిశీలించి ప్రకటించినాడు. కనుక దీవి ఉపాధ్యాయుడు పిల్లలకు చెప్పవలసినది దయను గూర్చి మాత్రమే కాదు. ఏది ఎక్కడిది, ఏది ఎవరి వలన వచ్చినది అన్న చరిత్రను గూర్చి కూడా. అచట ప్రకృతి పాఠం చరిత్ర పాఠం కాక తప్పదు.

పాఠం రాక ముందే చట్టం వచ్చినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వెలువడినది; 1977లో సముద్రపు తాబేళ్లను అందులో అత్యున్నత రక్షణ కలిగిన పట్టికలో చేర్చినారు. అంతకుముందు వరకు తాబేలు మాంసం పోర్ట్ బ్లెయిర్ అంగడిలో అమ్ముడైన సరుకే. నిన్నటి కూర నేడు నేరమైనది. ఎందుకైనదో ఇంటిలో బిడ్డకు చెప్పగలవారు లేరు. అదే చట్టం నికోబారు దీవుల షెడ్యూల్డు తెగలకు పూర్వం నుండి ఉన్న వేటహక్కును మినహాయించి నిలిపినది. ఒకే తీరంలో ఒక బాలుని తండ్రికి కూడనిది మరొక బాలుని తండ్రికి ఎందుకు కూడుతున్నదో వివరించడం సులభమైన పని కాదు. అంగడికి అమ్మే వేటకూ, ఆకలికీ ఆచారానికీ పరిమితమైన వేటకూ గల భేదం చెప్పితే గాని ఆ ప్రశ్న తీరదు.

చట్టానికి ప్రాణం పోసినది కాలినడకను నమ్మిన కొందరు. మద్రాసు సర్పశాలతో సంబంధం ఉండిన సతీష్ భాస్కర్ 1978 మొదలు ఈ దీవుల ఇసుకతీరాలను ఒంటరిగా నడిచి, ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతున్నదో వ్రాసిపెట్టినాడు. గ్రేట్ నికోబార్ తీరాలకు మహాకాయంతో వచ్చే తోలువీపు తాబేలు సంగతి అతని నడక వలననే లోకానికి వివరంగా తెలిసినది. పిల్లలకు ఇంతకంటె మంచి ఓనమాలు దొరకవు. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కొక్క వైపు కాలు మార్చి మార్చి పాకుతుంది; తోలువీపు తాబేలు రెండు ముందుకాళ్లను ఒక్కసారే వేసి, రెండు మీటర్ల వెడల్పు గల జాడ విడుస్తుంది. తెల్లవారుజామున ఇసుకపై ఆ జాడ చూచి ఎవరు వచ్చి వెళ్లినారో చెప్పడం నేర్చిన బాలుడు చదువరియే. గూటిలోని ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో నిర్ణయమవుతుందని విన్నప్పుడు, ఎండ పెరిగితే ఏమగునని వానికి వానిగానే ప్రశ్న పుట్టుతుంది. దిగ్లిపూర్ సమీపాన కాలీపూర్ తీరానికి నాలుగు జాతుల తాబేళ్లు వస్తున్నవి. అటువంటి తీరం ఒక పాఠశాలతో సమానం.

1983లో వండూరు వద్ద 15 దీవులను, వాని చుట్టూ ఉన్న సముద్రాన్ని కలిపి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినారు. 1990లో రోములస్ విటేకర్ చొరవతో, మద్రాసు మొసళ్ల కేంద్రపు అండతో, ఆ వండూరులోనే దీవుల పర్యావరణ పరిశోధనకు ఒక స్థావరం ఏర్పడినది. వచ్చిన పరిశోధకులకు పడవ నడిపి, దారి చూపి, పాము పేరు, చెట్టు పేరు చెప్పినవారు కరెన్ యువకులు. పట్టాలు పొందినవారు కరెన్‌ల వద్ద విద్యార్థులైనారు. రాస్ దీవిలో తలక్రిందులైన గురుశిష్య సంబంధం ఒక శతాబ్దానికి పైగా గడచిన తరువాత, మరొక జాతి విషయంలోనైనా, ఇక్కడ కొంత సరిపడినదని చెప్పవచ్చు.

ఇదే కాలంలో దేశంలో విద్యావిషయకంగా మరొక మార్పు వచ్చినది. ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి విషయం చేయవలెనని ఆదేశించినది. 2003లో ఆ ఆదేశాన్ని మరల గట్టిపరచినది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బాలుని చదువును బడి వెలుపలి జీవితంతో ముడివేయవలెనని చెప్పినది. కాని ఆదేశం పుస్తకం కాదు. ఆ పుస్తకాన్ని దీవులకు సమకూర్చినవారు 'కల్పవృక్ష' సంస్థకు చెందిన సునీతా రావు, వండూరు స్థావరంతో కలసి పనిచేసినవారు. దీవుల ఉపాధ్యాయుల కొరకు సిద్ధమైన ఆ కరదీపిక పేరులోనే ఈ దీవులు నిధులని సూచన ఉన్నది. పిల్లలకు కాక ఉపాధ్యాయులకు వ్రాయడంలో ఒక వివేకం కలదు. తరచుగా బదిలీపై వచ్చే ఉపాధ్యాయునికే ఆ మడ అడవి కొత్త. అతనికి తెలియనిది అతని విద్యార్థికి అందదు. పాఠం వల్లించడం కాక, తీరానికి పోయి చూడడం, ఆట ఆడించడం, లెక్కపెట్టించడం ఆ పద్ధతి.

ఈ చదువు ఎంత అవసరమో 2004 డిసెంబరు 26న సముద్రమే చెప్పినది. నికోబారు దీవులలో వేలమంది మృతి చెందినారు లేదా గల్లంతైనారు. లిటిల్ అండమాన్‌లోని డ్యూగాంగ్ క్రీక్‌లో ఉండిన ఒంగేలు మాత్రం, సముద్రం అసహజంగా వెనుకకు పోవడం గమనించి, ఎత్తైన చోటికి చేరి ప్రాణాలు దక్కించుకొన్నారు. వారికి ఆ సంగతి బడిలో ఎవరూ చెప్పలేదు. పెద్దల నోటి నుండి తరతరాలుగా వచ్చిన మాట అది. భూకంపం వలన ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి పగడాలు గాలిలో ఎండిపోయినవి. దక్షిణాన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి మడ అడవులు మునిగిపోయినవి. ఆనాడు బడిలో ఉన్న పిల్లలకు భూగోళశాస్త్రం పుస్తకంలో ఉండే విషయం కాకుండా పోయినది.

పోయిన వాచకం నుండి కొన్ని పుటలైనా తిరిగి దొరికినవి. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి 2005 నుండి గ్రేట్ అండమానీయ భాషను, అది తెలిసిన కొద్దిమంది నోటి నుండి సేకరించినారు. ఆ కొద్దిమందిలో 'బో' భాష తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసినది. పక్షులు తమ పూర్వీకులన్న నమ్మకం గల ఆ వృద్ధురాలు పక్షులతో మాట్లాడేదని అబ్బి తెలిపినారు. 2011లో సతీష్ పాండేతో కలసి ఆమె గ్రేట్ అండమానీయుల పక్షుల పేర్లను గూర్చి గ్రంథం వెలువరించినారు. తరువాత వచ్చిన నిఘంటువులో ఇంగ్లీషుతోపాటు హిందీ అర్థాలు కూడా కలవు. బజారులో హిందీ మాట్లాడే ఏ దీవి బాలుడైనా నేడు ఆ హిందీ మాట గుండా తన చెట్టుపై వాలిన పక్షి మొదటి పేరును చేరుకోగలడు. నిఘంటువు అడవిని కాపాడలేదు. కాని ఇచ్చట ఏమీ లేకుండెనని ఎవరైనా అంటే, కాదని చెప్పుటకు సాక్ష్యంగా నిలువగలదు.

అటువంటి సాక్ష్యం అవసరం తీరలేదు. సతీష్ భాస్కర్ నడిచిన గలాతియా తీరం 1997లో అభయారణ్యమైనది. 2021 జనవరిలో ఆ హోదా తొలగించబడినది. అక్కడ మహానౌకల రేవును, దీవిలో విమానాశ్రయాన్ని, నగరాన్ని, విద్యుత్కేంద్రాన్ని నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించినది. ఇందు నిమిత్తం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించవలసి ఉన్నది. దేశరక్షణకు, వాణిజ్యానికి ఈ రేవు అత్యవసరమని ప్రభుత్వం వాదించినది. తాబేళ్లకై లిటిల్ నికోబార్‌లో వేరొక అభయారణ్యాన్ని 2022లో ప్రకటించినది. షోంపెన్‌ల, నికోబారీల నేల, తాబేళ్ల తీరం తిరిగి రానివని శాస్త్రజ్ఞులు అనేకులు అభ్యంతరం తెలిపినారు. ఈ వాదంలో దీవి బాలుడు గమనింపదగిన ఒక అంశం ఉన్నది. నరికే వానల అడవికి బదులుగా హర్యానాలో మొక్కలు నాటించే ఏర్పాటు ఆ అనుమతి పత్రాలలో చేరినది. ఒకప్పుడు ఉత్తరదేశపు చెట్టు బొమ్మ దీవి వాచకంలో అచ్చయి దీవి చెట్టును మరపించినది. ఇప్పుడు దీవి చెట్టు లెక్క ఉత్తరదేశపు చెట్టుతో సరిపెట్టబడుతున్నది. ఒక చెట్టు మరొక చెట్టుకు బదులు కాగలదా అన్నది మూడవ తరగతి పిల్లవాడు కూడా అడుగదగిన ప్రశ్న. అడిగే శక్తిని వానికి ఇవ్వగలిగితే ఆ విద్య ఫలించినట్లే.

దీవులలోని తెలుగు కుటుంబాలలో ఇప్పుడు బడికి పోయే పిల్లలు వలస వచ్చినవారు కారు. అక్కడ పుట్టినవారి బిడ్డలు. వారికి శ్రీకాకుళం తాతలనాటి ఊరు, దీవి సొంత ఊరు. వారి తెలుగు ఆ తీరపు తాబేలుకు, ఆ మడచెట్టుకు, ఆ పావురానికి పేరు పెట్టుకోవలసి ఉన్నది. కొన్నిటికి ఇప్పటికే ఇళ్లలో పెట్టుకొనే ఉంటారు. ఆ పేర్లు మన నిఘంటువులకు ఎక్కే రోజున ద్వీపాంతరం అనే మాటకు రెండవ అర్థం ఏర్పడుతుంది. అంతవరకు గలాతియా తీరంలో తాబేలు తన జాడ వేస్తూ ఉండవలెను, దానిని చదివే పిల్లలు కూడా ఉండవలెను.